రన్‌వే సరే, విమానం ఎన్నింటికి? చిన్న ఊళ్ళ ఎయిర్‌పోర్టులకు ఒక ఎంపిక లెక్క

ప్రొద్దుటూరులో పన్నెండేళ్ళు టికెట్ల కౌంటరు నడిపాను. రైలు, ప్రైవేటు బస్సు, విమానం, మూడూ అమ్మేవాణ్ణి. బస్సు కోసం వచ్చినవాళ్ళు "సీటు ఉండాదా అన్నా?" అని అడిగేవాళ్ళు. కడప విమానం కోసం వచ్చినవాళ్ళు టికెట్టు చేతికిచ్చినాక కూడా "రేపు ఫ్లైటు ఉండాదా అన్నా?" అని అడిగేవాళ్ళు. బస్సు ఉంటుందా అని మా ఊళ్ళో ఎవరికీ అనుమానం రాదు, సీటు గురించే బెంగ. విమానం దగ్గర సీట్లు ఎప్పుడూ ఉంటాయి, విమానం గురించే బెంగ.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎయిర్‌పోర్టు అడగని జిల్లా కనపడడం లేదు. అటు వరంగల్ దగ్గరి మామునూరు, ఆదిలాబాద్, రామగుండం. ఇటు కుప్పం, నెల్లూరు దగ్గరి దగదర్తి, ఒంగోలు, నాగార్జునసాగర్, తాడేపల్లిగూడెం, తుని–అన్నవరం, శ్రీకాకుళం. సాధన సమితులు ఇచ్చే వినతిపత్రాల్లో రాసేది ఒకటే మాట: మాకు ఎయిర్‌పోర్టు కావాలి. ఏ విమానం, ఏ ఊరికి, ఎన్ని గంటలకు అన్నది ఎక్కడా ఉండదు. పిల్లను చూడకముందే కల్యాణ మండపం బుక్ చేసినట్టుంటుంది వ్యవహారం.

నిజానికి ఒక చిన్న ఊరి ముందు దారులు చాలానే ఉన్నాయి. ఏటీఆర్‌ను, అంటే పంకాలతో ఎగిరే డెబ్భై సీట్ల విమానాన్ని, దగ్గరి పెద్ద నగరానికి తిప్పించుకోవచ్చు. రన్‌వే పొడిగించి జెట్ విమానాన్నే పిలవచ్చు. తొమ్మిది నుంచి పందొమ్మిది సీట్ల బుల్లి విమానంతో సరిపెట్టుకోవచ్చు. హెలికాప్టరు, సీప్లేను అంటూ మరో దారి ఉంది. ప్రయాణికుల మాటే ఎత్తకుండా పైలట్ల శిక్షణకు ఇచ్చేయొచ్చు. లేదా ఎయిర్‌పోర్టు ఆలోచన పక్కన పెట్టి, పక్క జిల్లా ఎయిర్‌పోర్టుకు మంచి రోడ్డు, మంచి బస్సు అడగొచ్చు. ఈ చివరి దారి గురించి మాట్లాడే నాయకుణ్ణి నేనింకా చూడలేదు.

ఒకే రన్‌వే, మూడు కంపెనీలు

కడపతో మొదలుపెడతాను, నాకు బాగా తెలిసినది కాబట్టి. పాత ఎయిర్‌పోర్టును బాగుచేసి 2015 జూన్ 7న మళ్ళీ తెరిచారు. మొదట ఎయిర్ పెగాసస్ బెంగళూరుకు నడిపింది. ఏడాది కాస్త దాటేసరికి, 2016లో, ఆ కంపెనీయే ఆగిపోయింది. తర్వాత ఉడాన్ వచ్చింది, చిన్న ఊళ్ళకు విమానం నడిపే కంపెనీలకు నష్టభర్తీ ఇచ్చే కేంద్ర పథకం. 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని ఆ పథకానికి జెండా ఊపిన రోజు మొదలైన రూట్లలో కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ ఉన్నాయి. రెండూ ట్రూజెట్ వాళ్ళవి, ఏటీఆర్‌లు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగింది. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం నష్టభర్తీకి ఒప్పుకుని ఇండిగోను తెచ్చింది.

ఏడేళ్ళలో మూడు కంపెనీలు. రన్‌వే అదే, ఊరు అదే, ఎక్కేవాళ్ళూ వాళ్ళే. మారింది కంపెనీ ఒక్కటే. అందుకే నేను ముందుగా చూసేది రన్‌వే పొడవును కాదు, వచ్చే కంపెనీకి మొత్తం ఎన్ని విమానాలున్నాయో చూస్తాను. నాలుగైదు విమానాలున్న కంపెనీలో ఒకటి షెడ్డుకు పోతే మిగతా వాటిని ఎక్కువ డబ్బొచ్చే రూట్లకే తిప్పుతారు. రద్దయ్యేది మన రూటే. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలై 2017లో ఆగిన ఎయిర్ కోస్టా కూడా విమానాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగిన కంపెనీయే. పెద్ద కంపెనీకి మన ఊరి మీద ప్రేమేమీ ఉండదు, కానీ ఒక ఏటీఆర్ మొరాయిస్తే ఇంకోటి పంపే స్తోమత ఉంటుంది.

ఒకసారి నా దగ్గర టికెట్లు కొన్న కుటుంబం, పెళ్ళికి పోవాల్సినవాళ్ళు పదకొండు మంది, ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాక విమానం రద్దని తెలిసింది. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. డబ్బు వెనక్కి వచ్చేసరికి ఐదు వారాలు పట్టింది. ఆ ఇంట్లో వాళ్ళెవరూ మళ్ళీ నా దగ్గర విమానం టికెట్టు కొనలేదు. బస్సు టికెట్లకు మాత్రం వచ్చేవాళ్ళు.

విమానానికి అసలు పోటీ రాత్రి బస్సు

విమానం గంటలో హైదరాబాద్ చేరుస్తుంది, బస్సుకు ఎనిమిది తొమ్మిది గంటలు. ఈ పోలిక అందరూ చేస్తారు, కానీ ఇది సరైన పోలిక కాదు. ప్రొద్దుటూరు నుంచి కడప ఎయిర్‌పోర్టుకు గంట. గంటన్నర ముందు చేరాలి. గాల్లో గంట. శంషాబాద్‌లో దిగి బ్యాగు తీసుకుని అమీర్‌పేట చేరేసరికి ఇంకో గంటన్నర. మొత్తం ఐదు గంటలు, అదీ పట్టపగలు. బస్సు తొమ్మిది గంటలైనా రాత్రి పడుకుని పోతుంది. పొద్దున్నే దిగి పని చూసుకుని, మళ్ళీ రాత్రి బస్సెక్కితే లాడ్జి ఖర్చు కూడా ఉండదు. వ్యాపారికి బస్సు ఒక్క పగలు కూడా ఖర్చు చేయించదు. మధ్యాహ్నం రెండు గంటల విమానం మాత్రం ఒక పగలు పూర్తిగా మింగేస్తుంది.

కాబట్టి విమానం బస్సును ఓడించాలంటే పొద్దున ఏడున్నరకు మన ఊళ్ళో బయల్దేరాలి, సాయంత్రం ఏడుకు తిరిగి రావాలి. చిన్న ఊళ్ళకు దొరికేది మాత్రం మధ్యాహ్నపు వేళలే. ఎందుకంటే విమానం రాత్రి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నిలబడుతుంది. పొద్దున్నే నిండే రూట్లకు ముందు పోతుంది. అవయ్యాక మిగిలిన ఖాళీలో మన దగ్గరికి వస్తుంది. పొద్దున్నే మన దగ్గర బయల్దేరాలంటే ముందు రాత్రి అది మన దగ్గరే పడుకోవాలి. దానికి పార్కింగు, కాపలా, పైలట్లకు హోటల్, పొద్దున్నే వచ్చే మెకానిక్కు కావాలి. వీటితోపాటు చీకట్లో దిగడానికి దీపాలు, దానికి తగ్గ లైసెన్సు ఉండాలి. కేవలం కంటిచూపుతో దిగే ఏర్పాటు, అంటే వీఎఫ్‌ఆర్, మాత్రమే ఉన్న చోట పగటి వెలుతురులోనే, కనీసం ఐదు కిలోమీటర్ల దూరం కనిపిస్తేనే దిగాలి. మార్గశిర పుష్య మాసాల్లో పొద్దున్నే మంచు కమ్మితే పైలట్ వచ్చిన దారినే వెనక్కి పోతాడు.

వినతిపత్రం రాసేవాళ్ళకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. "మా ఊరికి ఎయిర్‌పోర్టు" అన్న చోట "మా ఊళ్ళో రాత్రి బస చేసే విమానం, పొద్దున్న ఎనిమిదిలోపు బయల్దేరేలా" అని రాయండి. అధికారి తలెత్తి చూస్తాడు.

వారానికి ఎన్ని రోజులన్నదీ ఇంతే ముఖ్యం. వారానికి మూడు రోజుల విమానం పండక్కి వచ్చే అల్లుడి లాంటిది. వచ్చినప్పుడు సంతోషమే, దాన్ని నమ్ముకుని పనులు పెట్టుకోలేం. రోజూ ఒకసారి వచ్చే ఏటీఆర్ మేలు, వారానికి మూడుసార్లు వచ్చే జెట్ కన్నా.

మూడేళ్ళ నష్టభర్తీ ఎలా పనిచేస్తుంది

ఉడాన్‌లో కంపెనీలు రూటుకు వేలం పాడతాయి. తక్కువ నష్టభర్తీ అడిగిన కంపెనీకి రూటు దక్కుతుంది, మూడేళ్ళు ఆ రూటు మీద దానిదే గుత్తాధికారం. విమానంలో సగం సీట్లు, తొమ్మిదికి తగ్గకుండా నలభైకి మించకుండా, పరిమిత ధరకు అమ్మాలి. 2016లో పథకం ప్రకటించినప్పుడు సుమారు గంట ప్రయాణానికి ఆ ధర రూ. 2,500. తర్వాత పెరుగుతూ వచ్చింది. మిగతా సగం సీట్లు కంపెనీ ఇష్టం. "2,500 అన్నారు, 6,000 అంటున్నావేందన్నా" అని నాతో గొడవపడినవాళ్ళంతా ఈ రెండో సగంలో ఇరుక్కున్నవాళ్ళు. నష్టభర్తీలో కేంద్రం 80 శాతం, రాష్ట్రం 20 శాతం భరిస్తాయి. ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు ఉండవు. రాష్ట్రం విమాన ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి దించాలి, పోలీసు, ఫైరు సిబ్బందిని ఉచితంగా ఇవ్వాలి.

కాగితం మీద బాగానే ఉంది. జరిగిందేమిటో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023 నివేదికలో ఉంది. ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన రూట్లు 774. అందులో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ పూర్తి చేసుకున్నవి 112. నష్టభర్తీ ఆగిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే.

అంటే మంజూరైన ప్రతి వంద రూట్లలో నిలబడ్డవి ఏడు. ఇది పథకాన్ని తిట్టడానికి చెప్పడం లేదు. పథకం లేకపోతే కడపకు ఆ మూడేళ్ళూ విమానం వచ్చేది కాదు. కానీ మంజూరు పత్రం చూసి స్థలాలు కొనేవాళ్ళు, హోటళ్ళు కట్టేవాళ్ళు ఈ లెక్క కూడా చూడాలి. 2025 బడ్జెట్‌లో పదేళ్ళలో మరో 120 ఊళ్ళకు, నాలుగు కోట్ల ప్రయాణికులకు అంటూ ఉడాన్‌కు కొత్త రూపం ప్రకటించారు. ఆ 120లో మన ఊరు ఉండడం ఒక ఎత్తు, వంద రూట్లలో నిలిచిన ఆ ఏడింటి సరసన చేరడం ఇంకో ఎత్తు.

నిలబడిన రూట్లలో ఒక పోలిక కనిపిస్తుంది. రోడ్డు మీద పది గంటలు పట్టే చోటు, రాత్రి బస్సు సుఖంగా పడుకోనివ్వని చోటు, లేదా సొంతూరు వదిలి వేల మంది దూరదేశం పోయిన చోటు. బిహార్‌లోని దర్భంగా చూడండి. 2020 నవంబరులో వైమానిక దళం రన్‌వే మీదే మొదలైంది, ఢిల్లీ, ముంబయి, బెంగళూరులకు జెట్‌లే పోతాయి, ఉడాన్‌లో బాగా నిండిన ఎయిర్‌పోర్టుల్లో అదొకటి. ఆ మిథిల ప్రాంతపు జనం ఆ నగరాల్లో లక్షల్లో ఉన్నారు మరి, రైలుకు నగరాన్ని బట్టి దాదాపు ఒక రోజు నుంచి రెండు రోజులు. ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్‌కు 3,200 మీటర్ల రన్‌వే వేశారు, 2021 అక్టోబరులో అంతర్జాతీయ విమానాశ్రయంగా ప్రారంభించారు. రెండేళ్ళకు రోజువారీ విమానమే కరువైంది. మనకు దగ్గర్లో జగదల్‌పూర్–హైదరాబాద్ రూటుంది, 2020 సెప్టెంబరులో అలయన్స్ ఎయిర్ మొదలుపెట్టింది. బస్తర్ అడవి దారిన ఐదువందల కిలోమీటర్లు, పైగా హైదరాబాద్ ఆసుపత్రులకు వచ్చే రోగులు. అలాంటి చోట ఏటీఆర్‌కు సీట్లు నిండుతాయి.

జెట్ కావాలా, ఏటీఆర్ చాలా?

ఏటీఆర్–72కు పద్నాలుగు, పదిహేను వందల మీటర్ల రన్‌వే చాలు. ఏ320 జెట్ నిండుగా ఎగరాలంటే రెండువేల పైచిలుకు కావాలి, ఎండాకాలం మన రాయలసీమ వేడికి ఇంకాస్త. తేడా ఒక్క రన్‌వేలోనే కాదు. ఏటీఆర్ పొడవు 27 మీటర్లు, ఏ320 పొడవు 37 మీటర్లు దాటుతుంది. పొడవును బట్టే ఫైరు సర్వీసు తరగతి మారుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఏటీఆర్‌కు ఒక ఫైరింజను సరిపోతే, ఏ320కి రెండు కావాలి. వాటితోపాటు మూడు షిఫ్టుల సిబ్బంది. రోజుకు ఒక్క విమానం వచ్చినా ఈ ఖర్చంతా ఉంటుంది.

సీట్ల లెక్క కూడా వేసుకోండి. 78 సీట్ల ఏటీఆర్ రోజుకు ఒకసారి వచ్చి పోతే ఏడాదికి సుమారు 57 వేల సీట్లు. 70 శాతం నిండాలంటే నలభై వేల మంది ఎక్కాలి, అంటే రోజుకు రానూపోనూ కలిపి 109 మంది. ఏ320కి 180 సీట్లనుకుంటే రోజుకు 250 మంది. మీ ఊరి నుంచి ఒకే నగరానికి రోజుకు 125 మంది విమానం చార్జీ పెట్టుకుని పోతారా? పోతారంటే జెట్ అడగండి.

వరంగల్ విషయంలో నేను జెట్ పక్షమే. మామునూరు నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు పాతికేళ్ళు వేరే ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు దానికి అడ్డంగా ఉండేది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్ ఆ షరతు సడలించింది, 2025 ఫిబ్రవరి చివర కేంద్రం అనుమతిచ్చింది. అదనంగా కావాల్సిన 253 ఎకరాల కోసం రాష్ట్రం 205 కోట్లు విడుదల చేసింది. అయితే అక్కడ ఏటీఆర్ తెచ్చి హైదరాబాద్‌కు తిప్పితే నవ్వులపాలే. కారులో రెండున్నర గంటల్లో శంషాబాద్ చేరే మనిషి విమానం ఎందుకెక్కుతాడు? వరంగల్‌కు కావాల్సింది ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, తిరుపతి. మొదటి రెండింటికైనా జెట్ తప్పదు. జెట్‌కు సరిపడా రన్‌వే వేయకుండా హడావుడిగా ప్రారంభోత్సవం చేస్తే మాత్రం ఆ 253 ఎకరాల రైతులకు సమాధానం చెప్పడం కష్టం.

మెట్టుమెట్టుగా ఎక్కిన ఊరంటే రాజమండ్రి. మధురపూడిలో రన్‌వే 1,750 మీటర్లు ఉన్నప్పుడు ఏటీఆర్‌లు వచ్చేవి. అవి నిండుతున్నాయని తేలాక 3,165 మీటర్లకు పెంచారు. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా ఏ320లు మొదలయ్యాయి. ఉభయ గోదావరి జిల్లాల డబ్బు, చదువులు, పెళ్ళిళ్ళు ఆ విమానాలను నింపుతాయని అప్పటికే ఏటీఆర్‌లు రుజువు చేశాయి. కుశీనగర్ చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

బుల్లి విమానాలు, నీటి విమానాలు

తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విశాఖపట్నం–జయపురం (ఒడిశా) మధ్య ఎగిరింది, ఇండియావన్ ఎయిర్ వాళ్ళది. ఘాట్ రోడ్డు మీద ఆరు గంటల ప్రయాణం ఉన్న చోట దానికి అర్థముంది. అరుణాచల్‌లో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) తయారుచేసిన డోర్నియర్–228 విమానాలను 2022 నుంచి అలయన్స్ ఎయిర్ తిప్పుతోంది. కొండలు, వాగులు, రోడ్డు లేని చోట్లు. మన మైదానాల్లో మాత్రం నాకు వీటి మీద పెద్ద నమ్మకం లేదు. సీట్లు తగ్గినంతగా ఖర్చు తగ్గదు. పైలట్ల జీతం, ఇన్సూరెన్సు, మెకానిక్కు, కౌంటరు మనిషి, ఇవన్నీ తొమ్మిది మంది మీదే పడతాయి. నష్టభర్తీ ఆగిన మరునాడు టికెట్టు ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1981లో పుట్టిన వాయుదూత్ ఇలాంటి చిన్న విమానాలతోనే దేశమంతా తిరిగింది, చివరికి నష్టాల్లో మునిగి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. పాడేరు, భద్రాచలం లాంటి ఏజెన్సీ ప్రాంతాలకు వైద్యం కోసమైతే వేరే మాట. అప్పుడు అది ఆరోగ్య శాఖ ఖర్చు, టికెట్ల వ్యాపారం కాదు.

సీప్లేను గురించి రెండు ముక్కలు. 2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి, కేంద్ర విమానయాన మంత్రి ప్రయాణించి చూపించారు. చూడముచ్చటగా ఉంది. 2020 అక్టోబరు 31న సబర్మతి నుంచి పటేల్ విగ్రహం దాకా మొదలైన సీప్లేను కూడా చూడముచ్చటగానే ఉండేది, ఆరు నెలలు తిరక్కుండానే ఆగిపోయింది. పర్యాటకానికి సరే, ఊరి అవసరానికి లెక్కలోకి తీసుకోకండి.

గల్ఫ్ బ్యాగు

మా వైపు ఒక లెక్క ఏ నివేదికలోనూ కనపడదు. రాయచోటి, రాజంపేట, బద్వేలు నుంచి కువైట్ పోయేవాళ్ళు. కడపలో ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు వీళ్ళే విమానాన్ని నింపుతారనుకున్నాం. నింపలేదు. కువైట్ నుంచి వచ్చే మనిషి దగ్గర ముప్ఫై, నలభై కిలోల సామాను ఉంటుంది. దేశంలోపలి విమానంలో ఉచితంగా పదిహేను కిలోలే. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మిగతా బరువుకు డబ్బు కట్టాలి, పైగా మొదటి విమానం ఆలస్యమైతే రెండోది పోయినట్టే, అడిగేదిక్కు లేదు. రెండూ ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగు నంబరు, మీద ఉంటే అంతర్జాతీయ బరువు చివరిదాకా చెల్లుతుంది, విమానం తప్పితే కంపెనీయే ఇంకోటి చూపించాలి. అందుకే వాళ్ళు ఇంటిల్లిపాదీ తుఫాన్ బండి మాట్లాడుకుని చెన్నైకో బెంగళూరుకో పోతారు. పంపడానికి పది మంది వస్తారు, అదొక పండగ. ఆ పండగను ఏటీఆర్ ఎలాగూ తీసుకుపోలేదనుకోండి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు కూడా ఎయిర్‌పోర్టు అడిగేటప్పుడు గల్ఫ్ ప్రయాణికుల సంఖ్యను ముందు పెడతారు. ఆ సంఖ్య నిజమే. కానీ హైదరాబాద్ దాకా మాత్రమే పోయే విమానం వాళ్ళకు పనికిరాదు. గల్ఫ్‌కు పోయే కంపెనీతోనే ఒకే టికెట్టు మీద కలిసే విమానమైతేనే ఆ సంఖ్య లెక్కలోకి వస్తుంది.

ఊరూరా నా ఓటు

కర్నూలు: ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చిలో మొదలైంది, బెంగళూరు, చెన్నై, విశాఖపట్నంలకు. బెంగళూరుకు 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ ఉంది, కర్నూలులో ఆగుతుంది, ఐదారు గంటల్లో చేరుస్తుంది. హైదరాబాద్‌కు నాలుగు గంటల రోడ్డు. ఈ రెండింటికీ విమానం దండగ. విశాఖపట్నం, 2025 జూలైలో మొదలైన విజయవాడ, ఈ రెండూ కర్నూలుకు అసలైన రూట్లు. రాజధానికి ఫైలు పట్టుకుని పోయేవాడికి పొద్దున్న పోయి రాత్రికి తిరిగొచ్చే వేళలుంటే ఈ రూటు నష్టభర్తీ లేకుండానే నిలబడొచ్చు.

ఆదిలాబాద్: ఎయిర్‌ఫీల్డ్ వైమానిక దళానిది, 2025లో వాళ్ళు సరేనన్నారు. దర్భంగాలో, బీదర్‌లో లాగ దళంతో పంచుకునే ఏర్పాటైతే రన్‌వే భారం ఊరి మీద పడదు. అందుకని నేను ఒప్పుకుంటాను. కానీ ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టు హైదరాబాద్ కన్నా దగ్గర. నాలుగు లేన్ల రోడ్డుంది. ఆర్టీసీ వాళ్ళు నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టు గేటు దాకా విమానం వేళలకు తగ్గట్టు బస్సు వేస్తే, అందరికన్నా ముందు, చవగ్గా తీరే అవసరం అది.

దగదర్తి, కుప్పం: నెల్లూరుకు ఒక పక్క రేణిగుంట, ఇంకో పక్క చెన్నై. కుప్పం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టు రెండున్నర గంటలు. ఇలాంటి చోట చిన్న ఎయిర్‌పోర్టుకు వచ్చే ఒకే ఒక్క విమానం కన్నా పక్కనున్న పెద్ద ఎయిర్‌పోర్టులో దొరికే యాభై విమానాలు జనాన్ని లాగేస్తాయి. చార్జీ కూడా అక్కడే తక్కువ. సరుకుల రవాణాకో, విమాన మరమ్మతుల పరిశ్రమకో అయితే దగదర్తి మాట వేరు, ఓడరేవులు మరీ దూరం కాదు. ప్రయాణికుల కోసమని మాత్రం నేను ఓటెయ్యను.

పుట్టపర్తి: ట్రస్టు 1990లో కట్టించిన మంచి రన్‌వే. బెంగళూరు ఎయిర్‌పోర్టు రెండు గంటల దూరం కాబట్టి రోజువారీ విమానం నిలవదు. ఉత్సవాలప్పుడు ప్రత్యేక విమానాలకు సరిపోతుంది, అలాగే ఉండనివ్వాలి.

దొనకొండ: రెండో ప్రపంచ యుద్ధం నాటి స్ట్రిప్. పైలట్ల శిక్షణకు ఇచ్చేయండి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో శిక్షణ సంస్థలకు ఎంచిన చోట్లలో కడప కూడా ఉంది. రోజంతా చిన్న విమానాలు ఎగిరి దిగుతుంటే రన్‌వే బతికుంటుంది, ఫైరు సిబ్బందికి పనుంటుంది, ఊళ్ళో అద్దె ఇళ్ళు నిండుతాయి. వారానికి మూడుసార్లు వచ్చే విమానం చేసే మేలు కన్నా ఇది తక్కువేమీ కాదు.

ఇక మీ ఊరి లెక్క మీరే తీయొచ్చు. ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. ఒక నెల రోజులు, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా మీ ఊరి ప్రైవేటు బస్సుల పాయింటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళను నిలబెట్టండి. ఏ ఊరికి ఎన్ని స్లీపర్ బస్సులు, ఎన్ని నిండాయి, ఏసీ బెర్తుకు ఎంత తీసుకున్నారు, అంతే రాసుకోమనండి. శుక్ర, ఆదివారాలు విడిగా రాయాలి. బెర్తుకు పదిహేను వందలు పెట్టగలిగినవాళ్ళలో నలుగురికి ఒకరు విమానమెక్కుతారని నా కౌంటరు అనుభవం, అంతకు మించి ఆశపడకండి. ఆ నాలుగో వంతు ఒకే ఊరికి రోజూ యాభై మంది తేలితే ఆ కాగితాన్నే వినతిపత్రానికి కుట్టి పంపండి. ఇరవై మందే తేలితే, పక్క ఊరి ఎయిర్‌పోర్టుకు పొద్దున నాలుగున్నర బస్సు వేయమని డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళండి. ఆయన ఆఫీసు పది గంటలకు తెరుస్తారు.